ఉనికి, అస్తిత్వం: వార్తలు దిద్దే మిత్రులకు ఒక ముంపు ఊరి మనిషి బహిరంగ లేఖ

తెలుగు పత్రికల్లో, వార్తా చానళ్లలో డెస్కు మీద కూర్చుని వార్తలు దిద్దే మిత్రులందరికీ,

నమస్కారం.

పోయిన వేసవిలో ఒక పత్రిక జిల్లా పేజీలో శ్రీశైలం ముంపు ఊళ్ల మీద అరపేజీ కథనం వచ్చింది. నీరు తగ్గి బయటపడిన గుడి గోడలు, నెర్రెలిచ్చిన ఒండ్రు, దాని మీద మేస్తున్న గొర్రెలు. ఫొటోలు బాగున్నాయి. రాసినాయన ఎండలో తిరిగి, నలుగురితో మాట్లాడి రాశారని చదువుతుంటేనే తెలుస్తోంది. పైన నాలుగు కాలమ్‌ల హెడ్డింగ్: 'అస్తిత్వం కోల్పోయిన పల్లెలు'.

మా నాయనకు ఎనభై రెండేళ్లు. పేపరును పైకి చదవడం ఆయన అలవాటు. ఆ హెడ్డింగ్ దగ్గర ఆగి, అక్షరాల కింద వేలు పెట్టి మళ్లీ చదివి, "అస్తిత్వమంటే ఏందమ్మా?" అని అడిగాడు. నేను తెలుగు టీచర్ని. ఆలోచించకుండానే "ఉనికి నాయనా, ఉండటం" అన్నాను. "అట్లయితే ఉనికి అనే రాయొచ్చు గదా. అది పోయిన మాట నిజమే. ఈయన ఇంకోటేదో కూడా పోయిందంటున్నాడే" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు పర్యాయపదాలు చెప్పిస్తున్నాను. ఉనికి, అస్తిత్వం పక్కపక్కనే రాయించి మార్కులు కూడా వేశాను. రెండూ ఒకటి కాదని నాయన చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి మీ పేజీలను ఈ రెండు మాటల కోసమే చదువుతున్నాను. నా మనసులో ఉన్నది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

మాది కృష్ణ ఒడ్డున ఉండిన ఊరు. 1981లో ఖాళీ చేయించారు. అప్పుడు నాకు పదకొండేళ్లు. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు మునిగాయి. వాటిలో మాదొకటి. ఊరి పేరు ఇక్కడ రాయను, ఈ మాట ఆ వంద ఊళ్లదీ కాబట్టి.

ముందు ఉనికి సంగతి చూడండి. ఇది అచ్చమైన మన మాట. 'ఉండు' నుంచి ఉనికి వచ్చింది, 'మను' నుంచి మనికి వచ్చినట్టు. బ్రౌన్ దొర నిఘంటువు తీస్తే ఉనికి అన్నచోట ఉండటం, నివాసం రెండూ కనిపిస్తాయి. ఇంటిని ఉనికిపట్టు అంటాం. అంటే ఈ మాట పుట్టుకలోనే ఒక చోటు ఉంది. ఉనికి అనగానే 'ఎక్కడ?' అని అడగొచ్చు. అడవిలో పులి ఉనికి అని మీరే రాస్తారు, పాదముద్రలు కనబడ్డాయని కూడా రాస్తారు. చంద్రుడి మీద నీటి ఉనికి అంటారు. ఫలానా మండలంలో మావోయిస్టుల ఉనికి అంటారు. వీటిలో ఎక్కడా తప్పు లేదు. చోటు ఉంది, ఆనవాలు ఉంది. వెళ్లి చూసి ఉందనో లేదనో తేల్చుకోవచ్చు.

కడప జిల్లా కలివికోడి కథ మీకు తెలిసిందే. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పక్షిని మొదట లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దాపున, రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానికుడి చేతికి చిక్కింది. ఆ తర్వాత దాని కోసం కంపచెట్ల మధ్య మెత్తటి ఇసుక పరిచి తెల్లారి పాదముద్రలు వెతికారు, రాత్రిపూట వాటంతటవే ఫొటోలు తీసే కెమెరాలు పెట్టారు. తెలుగుగంగ కాలువను కూడా దాని కోసం దారి మళ్లించారు. ఆ ఎనభై ఆరేళ్లూ, ఆ తర్వాతా జనం వెతికింది ఉనికిని. కలివికోడి అస్తిత్వం కోసం వెతికారని ఎవరైనా రాస్తే మీరే కొట్టేసి దిద్దుతారు. చెవికి వెంటనే తేడా తెలుస్తుంది కదా. పక్షి విషయంలో తెలిసిన ఆ తేడా మనుషుల దగ్గరికి, ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు జారిపోతోంది?

అస్తిత్వం సంస్కృతం నుంచి వచ్చింది. 'అస్తి' అంటే ఉన్నది, దానికి 'త్వ' చేరింది. పుట్టిన ప్రతిదానికీ ఆరు దశలుంటాయని, వేదంలోని మాటలకు అర్థాలు చెప్పే యాస్కుడి నిరుక్తంలో ఉంది: పుట్టడం, ఉండటం, మారడం, పెరగడం, తరగడం, నశించడం. ఆ రెండోదే అస్తి. వ్యుత్పత్తి చూస్తే ఉనికి ఎంతో అస్తిత్వమూ అంతే. నా తప్పు అక్కడే జరిగింది. మాట పుట్టిన చోటును చూశానే తప్ప, అది మన మధ్య తిరిగి తిరిగి ఏమైందో చూడలేదు.

ఈ మాట తెలుగులో రెండుసార్లు కొత్త బరువు ఎత్తుకుంది. ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ వంటివారి తత్వాన్ని మన విమర్శకులు అస్తిత్వవాదం అన్నారు. అక్కడ దాని అర్థం మనిషి ఉండటమే. తర్వాత 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల మీద దాడులు, హత్యలు జరిగాయి. దళితులు, స్త్రీలు, ముస్లింలు, తెలంగాణవాళ్లు 'మేమెవరం? మా గురించి ఇన్నాళ్లూ ఎవరు రాశారు?' అని అడగడం మొదలుపెట్టారు. వాటిని అస్తిత్వ ఉద్యమాలు అన్నాం. ఆ ఊళ్లలో దళితులు ఉన్నారని ఎవరికి తెలియదు? వాళ్ల ఉనికిని ఎవరూ కాదనలేదు. ఉనికి తెలుసు కాబట్టే దాడి చేయగలిగారు. వాళ్లు నిలబెట్టుకున్నది తమ పేరును, తమ చరిత్రను, తమను తాము చెప్పుకునే హక్కును. అప్పటి నుంచి తెలుగులో అస్తిత్వం అనగానే వచ్చే ప్రశ్న 'ఎవరు?' అన్నది. తెలంగాణ అస్తిత్వం అని మీరు వేలసార్లు రాసి ఉంటారు. తెలంగాణ ఎక్కడుందో చెప్పడానికి కాదు కదా అలా రాసింది!

కాబట్టి నేను చెప్పేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. రాయబోయే వాక్యం 'ఎక్కడ?' అన్నదానికి జవాబైతే ఉనికి. 'ఎవరు?' అన్నదానికి జవాబైతే అస్తిత్వం. హెడ్డింగ్ పెట్టే ముందు ఈ రెండు ప్రశ్నలు అడగడానికి అర నిమిషం పట్టదు. డెడ్‌లైన్ టెన్షన్ నాకు తెలియనిది కాదు. మా చిన్నాన్న కొడుకు మీలాంటి డెస్కులోనే రాత్రి డ్యూటీలు చేస్తాడు. పదకొండున్నరకు వచ్చిన కాపీని పన్నెండు లోపు పేజీలో పెట్టాలంటే ఎట్లా ఉంటుందో వాడు చెబుతుంటాడు. హెడ్డింగ్‌లో 'ఉనికి' మరీ పొట్టిగా ఉండి ఖాళీ మిగిలితే 'అస్తిత్వం' వేసేస్తామని కూడా వాడే చెప్పాడు. ఆ ఖాళీని దయచేసి ఇంకేదైనా మాటతో నింపండి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పడానికి రెండు గుళ్ల సంగతి చెప్పాలి. రెండూ సంగమేశ్వరుడివే, రెండూ శ్రీశైలం నీళ్లతో ముడిపడినవే.

కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి ఉండేది. అక్కడ చాళుక్యుల కాలం నాటి సంగమేశ్వరాలయం ఉండేది. జలాశయం నిండితే మునిగిపోతుందని దాన్ని విప్పారు. ప్రతి రాయికీ నంబరు వేసి, అలంపురం తెచ్చి, మళ్లీ అదే వరసలో పేర్చారు. ఇప్పుడు అలంపురం వెళితే చూడొచ్చు. నాయనతో నేనూ వెళ్లాను. ఆయన ప్రదక్షిణ చేస్తూ గోడల మీద చెయ్యి రాస్తూ నడిచాడు. చిన్నప్పుడు శివరాత్రికి ఎడ్లబండి కట్టుకుని కూడవెల్లికి వెళ్లేవాళ్లట. సింహం బొమ్మ ఒకటి చూపించి, "దీని పంటి మీద వేలు పెట్టేవాణ్ణి" అని మళ్లీ పెట్టి చూశాడు. రాయి అదే, బొమ్మ అదే, దేవుడి పేరు అదే. కానీ అక్కడ సంగమం లేదు. రెండు నదులు కలిసే చోటుకు ఈశ్వరుడు కాబట్టి సంగమేశ్వరుడు. ఇప్పుడాయన మెట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఉనికి మారింది. అయినా ఆయన సంగమేశ్వరుడు కాదని ఎవరన్నా అనగలరా?

రెండోది ఏడు నదులు కలిసే చోటని పేరున్న సంగమేశ్వరం. ముచ్చుమర్రి దాపున, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. ఈ గుడిని కదపలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే ఉంటుంది. వేసవిలో నీటిమట్టం పడిపోయినప్పుడు మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడిలో వేపమొద్దు లింగం బయటపడతాయి. మళ్లీ వరద మొదలై నీళ్లు గుడిని చుట్టుముట్టేదాకా పూజ జరుగుతుంది. ఆఖరుకు పడవలో వెళ్లి శిఖరానికి హారతి ఇచ్చి వస్తారు. ఈ గుడి ఉన్న చోటు మారలేదు. కాని అక్టోబరులో పడవలో ఆ నీటి మీద వెళ్లేవాడిని 'గుడి ఎక్కడ?' అని అడిగితే నీళ్ల వైపు చెయ్యి చూపిస్తాడు.

కూడవెల్లి గుడి చోటు వదిలి పేరు ఉంచుకుంది. ఈ గుడి చోటూ పేరూ రెండూ ఉంచుకుని కంటికి కనిపించడం మానేసింది. ఇలాంటివి రాయాల్సి వచ్చినప్పుడే మనకు రెండు మాటలూ కావాలి. ఒకదాని బదులు ఇంకోటి వాడితే వీటిలో ఏం జరిగిందో చదివేవాడికి అర్థం కాదు.

మా ఊరు కూడవెల్లి లాంటిది కాదు, ఎవరూ నంబర్లు వేయలేదు. సంగమేశ్వరం లాంటిదీ కాదు, చూడ్డానికి వచ్చేవాళ్లు లేరు. దూలాలు, తలుపులు ఊడదీసుకుని బండ్లకెత్తుకుని వచ్చేశాం. మట్టిగోడలు మొదటి వరదకే కరిగాయి. ఇప్పుడు మే నెలలో నీళ్లు బాగా తగ్గిన ఏడాది వెళితే గడపరాళ్లు, పగిలిన రోళ్లు, రచ్చబండ ఆకారం, బావి ఒర మిగిలి ఉంటాయి. అయినా మావాళ్లు ఆగలేదు. నాయన, పెద్దనాయన కొడుకులు, వీధిలో వాళ్లు ఓపిక ఉన్నన్నాళ్లు ప్రతి వేసవీ వెళ్లేవాళ్లు. గట్టు మీద బతుకుతున్న కాలనీకి 'కొత్త' చేర్చి ఆ ఊరి పేరే పెట్టుకున్నాం. మా వీధిలో ఒక ఇంటివాళ్ల ఇంటిపేరు ఆ ఊరి పేరే. వాళ్ల మనవరాలు ఈమధ్యే అమెరికాలో ఉద్యోగంలో చేరింది. అక్కడివాళ్లకు నోరు తిరగని ఆ పేరును రోజూ కంప్యూటర్‌లో చూసుకుంటుంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఇప్పటికీ 'మీదే ఊరు?' అంటే మునిగిన ఊరి పేరే ముందు చెబుతారు.

నాయన వాక్యం ఒకటుంది. ఎవరడిగినా ఇదే చెబుతాడు: "మా ఊరు లేదు. మాది ఆ ఊరే." మొదటి వాక్యం ఉనికి గురించి, రెండోది అస్తిత్వం గురించి. వాటిని ఆయన ఎప్పుడూ కలపలేదు. 'అస్తిత్వం కోల్పోయిన పల్లెలు' అని మీ పేజీలో పడినప్పుడు ఆయన రెండో వాక్యాన్ని కొట్టేసినట్టయింది. ఆయన అంతసేపు వేలు అక్కడే పెట్టుకుని ఉన్నది అందుకే.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది పత్రికల మీద ఫిర్యాదు కాదు, ఈ మాటలతో పేపరు బయట ఏం జరుగుతుందో చెప్పడానికే. కొన్నేళ్ల కిందట నాయనకు ఒక ధ్రువపత్రం కావాల్సి వచ్చి ఒక ఆఫీసుకు వెళ్లాం. పుట్టిన ఊరు అన్నచోట ఆపరేటర్ కుర్రాడు పేరు కొట్టాడు. కంప్యూటర్ తీసుకోలేదు. జాబితాలో ఆ ఊరు లేదు. "ఈ ఊరు ఎగ్జిస్ట్ కావట్లేదండీ. వేరే ఊరేదైనా చెప్పండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాయన వెంటనే, "నేను వేరే ఊర్లో పుట్టలేదే" అన్నాడు. అరగంట అక్కడే నిలబడ్డాం. చివరికి పక్క ఊరి పేరు వేసి ఇచ్చారు. ఇంటికొచ్చాక నాయన ఆ కాగితం వెనకవైపు బాల్‌పెన్నుతో తన ఊరి పేరు రాసుకున్నాడు. బీరువాలో ఇప్పటికీ ఉంది.

పేపర్లు రాసే మాట ఆఫీసులకు పోతుంది, ఆఫీసుల మాట మళ్లీ పేపర్లకు వస్తుంది. ముంపు నోటీసుల్లో, పునరావాస ప్యాకేజీల వార్తల్లో అస్తిత్వం అనే మాట పెద్దదిగా, గంభీరంగా వినిపిస్తుందని వేస్తుంటారు. ఊరి బాధ గట్టిగా చెప్పాలన్నదే మీ ఉద్దేశమని నాకు తెలుసు. కానీ నీళ్లు, నోటీసు, నష్టపరిహారం ఇవన్నీ ఉనికికి సంబంధించినవి. వాటితోనే అస్తిత్వమూ పోయిందని మనమే రాసేస్తే, రేపు ఆ ఊరివాళ్లు 'మా ఊరి పేరు జాబితాలో ఉంచండి, మా జాతర మేము చేసుకుంటాం, మా వాళ్లందరికీ ఒకేచోట స్థలం ఇవ్వండి' అని అడగడానికి ఆధారం ఉండదు. ఎప్పుడో పోయిందని మీరే రాశారుగా అంటారు. మల్లన్నసాగర్ కింద పోయిన వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వాళ్లకైనా, పోలవరం కింద గోదావరి గట్టు వదిలి వస్తున్న కొండరెడ్లకు, కోయలకైనా ఇది వర్తిస్తుంది.

అయితే ఈ రెండు మాటల మధ్య గోడ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నల్లమలలో చెంచులనే తీసుకోండి. శ్రీశైలం మల్లన్నను తమ అల్లుడని చెప్పుకునేవాళ్లు. తేనె, గడ్డలు, అడవిదారులు, చనిపోయిన పెద్దల చోట్లు, అన్నీ ఆ అడవిలోనే. వాళ్లను పెంట నుంచి, అంటే అడవిలోని వాళ్ల గూడెం నుంచి లేపి రోడ్డు పక్క కాలనీలో పెడితే ఉనికి మాత్రమే మారిందని చెప్పడానికి నాకు నోరు రాదు. 'ఎక్కడ' అన్నది తీసేస్తే 'ఎవరు' అన్నది కూడా కదిలిపోతుంది. అక్కడ మీరు అస్తిత్వం అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. కాని తెలిసి రాయండి. చెంచులను అడిగి రాస్తే ఇంకా మంచిది.

తెలుగు భాష గురించి రాసేటప్పుడు ఈ తేడా మరీ అవసరం. 'తమిళనాట తెలుగు ఉనికి ప్రమాదంలో' అనే హెడ్డింగ్‌లు చూస్తుంటాను. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 40 లక్షలకు పైనే. హోసూరు సంతలోకి వెళితే తెలుగు వినిపిస్తుంది. ఉనికి కళ్ల ముందు ఉంది. వాళ్ల పోరాటం బడిలో తెలుగు చదువుకోవడం కోసం, పిల్లలు తమ భాషలో తమ పేరు రాసుకోవడం కోసం. అది అస్తిత్వ పోరాటం. మారిషస్‌లో దీనికి తిరగేసిన కథ. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్లినవాళ్ల వారసుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు బాగా తక్కువ. కాని ఉగాది చేసుకుంటారు, రామభజన చేసుకుంటారు, మేము తెలుగువాళ్లమని చెప్పుకుంటారు. భాష ఉనికి పలచబడింది, అస్తిత్వం గట్టిగా ఉంది. ఒకరికి కావలసింది బడిలో పాఠం, ఇంకొకరికి కావలసింది నోట్లో మాట. రెంటికీ 'ఉనికి ప్రమాదంలో' అని ఒకటే హెడ్డింగ్ పెడితే ఎవరికి ఏం కావాలో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

రాజకీయ వార్తల జోలికి నేను పోను. 'పార్టీ ఉనికి కాపాడుకోవడానికి' అని రాసినా, 'అస్తిత్వం కోసం' అని రాసినా ఆ పార్టీలవాళ్లు చూసుకుంటారు.

మీ డెస్కుల్లో స్టైల్ బుక్ అని ఒకటి ఉంటుందట. ఏ మాట ఎలా రాయాలో అందులో ఉంటుందని చిన్నాన్న కొడుకు చెప్పాడు. అందులో ఒక్క పంక్తి చేర్చండని అడుగుతున్నాను. కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ రెండు మాటల మీద పది నిమిషాలు మాట్లాడండి. నా వంతుగా నేను ఈ ఏడు తొమ్మిదో తరగతికి పర్యాయపదాలు చెప్పేటప్పుడు వీటిని ఒక వరసలో రాయించడం మానేశాను. 'మీ అవ్వాతాతలు ఎక్కడ ఉండేవాళ్లు, వాళ్లు ఎవరు' అని రెండు పేరాలు రాసుకురమ్మన్నాను. మొదటి పేరా ఉనికి, రెండోది అస్తిత్వం. మా బడిలో సగం మంది ముంపు ఊళ్ల పిల్లలే. రెండో పేరా అందరిదీ పొడుగ్గా వచ్చింది.

చివరిగా ఒక పిలుపు. ఆ కథనం రాసినాయన మళ్లీ ముంపు ఊళ్ల మీద రాయాలనుకుంటే, లేదా మీలో ఎవరికైనా రావాలనిపిస్తే, మే రెండో వారంలో రండి. అప్పటికి నీళ్లు బాగా లోపలికి పోయి ఉంటాయి. నాయన నడవలేడు కాని జీపు గట్టు దాకా వస్తుంది, అక్కడి నుంచి మా తమ్ముడు బండి మీద తీసుకెళతాడు. మా ఇంటి గడపరాయి, దాని పక్కన మా అవ్వ రోలు నాయన చూపిస్తాడు. పొద్దున ఆరుకల్లా బయల్దేరాలి. పది దాటితే ఒండ్రు మీద కాలు పెట్టలేం. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి. మంచినీళ్లు, మజ్జిగ మేము తెస్తాం.

ఇట్లు,
శ్రీశైలం ముంపు ఊరి ఆడబిడ్డ, ఒక తెలుగు టీచర్